వాక్యం అక్షరాలా చదవడం గురించి పదేపదే వచ్చే ప్రశ్నలు

నేను ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబంలో పుట్టాను. ఆరు రోజులు హైస్కూల్లో బయాలజీ చెబుతాను, ఏడో రోజు సండే స్కూల్లో పిల్లల మధ్య కూర్చుంటాను. రెండు చోట్లా ఇంచుమించు అవే ప్రశ్నలు. "సార్, డైనోసార్లు ఓడ ఎక్కాయా?" అని పిల్లలు. "మావాడు కొత్త సంఘానికి వెళ్తున్నప్పట్నుంచీ మాతో సరిగ్గా మాట్లాడట్లేదు" అని పెద్దవాళ్లు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు. బైబిలు, అమెరికా గురించే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే మౌలికవాదం (ఫండమెంటలిజం) అనే ఈ గొడవకి పేరు పెట్టింది అక్కడే, నాకు బాగా తెలిసిన పుస్తకమూ ఇదే.

## ముందు మాటల సంగతి

మౌలికవాదం అంటే భక్తి ఎక్కువ కావడమేనా?

కాదు. మా నాయనమ్మ తెల్లారుజామున నాలుగింటికి లేచి మోకాళ్ల మీద ప్రార్థన చేసేది. బైబిలు మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పక్కింటావిడ వ్రతానికి పిలిస్తే మాత్రం వెళ్లి ఓ మూల కూర్చుని, కబుర్లు చెప్పి, అరటిపండు తీసుకుని వచ్చేది. ఆమెని ఎవరూ మౌలికవాది అనరు. కొన్ని నమ్మకాలను పునాదిరాళ్లుగా ప్రకటించి, వాటిలో ఒక్కటి కాదన్నా నువ్వు మావాడివి కాదని గీత గీసి, ఆ గీత అవతల ఉన్నవాళ్లతో పోరాటానికి దిగితే దాన్ని మౌలికవాదం అంటారు. ఒక గుర్తు చెబుతాను: వీళ్లకి పరాయి మతంవాళ్ల మీద కంటే సొంత మతంలోనే కాస్త మెత్తగా బోధించే పక్క సంఘం పాస్టరు గారి మీద కోపం ఎక్కువ.

ఛాందసం, మౌలికవాదం ఒకటేనా?

పేపర్లలో రెండూ ఒకే అర్థంలో వాడేస్తారు. ఛందస్సు అంటే వేదం, ఛాందసుడంటే మొదట్లో వేదం చదువుకున్నవాడనే అర్థం, పోను పోను లోకం పోకడ తెలియని మనిషి అనే ఎగతాళి మాటగా మారింది. నాకైతే తేడా కనిపిస్తుంది. ఛాందసుడు తాతల నాటి అలవాటు వదలలేనివాడు, మౌలికవాది చాలాసార్లు తన తాతనే తప్పుపడతాడు, "మీరు ఇన్నాళ్లూ నమ్మింది అసలైనది కాదు, పుస్తకంలో ఇలా ఉంది చూడండి" అంటాడు.

ఈ పేరు ఎవరు పెట్టారు? తిట్టడానికి పెట్టిందేనా?

కాదు, వాళ్లే గర్వంగా పెట్టుకున్నారు. 19వ శతాబ్దం చివర్లో రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి: ఒకపక్క డార్విన్, ఇంకోపక్క బైబిల్ని మిగతా పాత గ్రంథాల్లాగే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని విడదీసి పరిశీలించే జర్మనీ పండితులు. దానికి జవాబుగా 1910, 1915 మధ్య అమెరికాలో "ది ఫండమెంటల్స్" అనే పేరుతో 12 సంపుటాల్లో 90 వ్యాసాలు అచ్చయ్యాయి. ఖర్చు పెట్టింది కాలిఫోర్నియా చమురు వ్యాపారి లైమన్ స్టీవార్ట్, ఆయన సోదరుడు మిల్టన్. సుమారు 30 లక్షల కాపీలు పాస్టర్లకీ మిషనరీలకీ ఊరికే పంచారు. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు పత్రికా సంపాదకుడు ఈ పునాదుల కోసం పోరాడేవాళ్లకి "ఫండమెంటలిస్టులు" అని పేరు పెట్టాడు. అప్పుడది బిరుదు. ఇంకో తమాషా, ఆ వ్యాసాల్లో స్కాట్లాండు పండితుడు జేమ్స్ ఓర్ రాసినవి ఉన్నాయి, సృష్టి దినాలు 24 గంటలవి కానక్కర్లేదనేది ఆయన వాదన. ఆ మాట ఇవాళ కొన్ని సంఘాల్లో అంటే మైకు లాక్కుంటారు.

"ఉన్నది ఉన్నట్టు నమ్మాలి" అంటారు కదా, అంటే కవిత్వం కూడానా?

"యెహోవా నా కాపరి" అని చదివి తన వీపు మీద ఉన్ని తడుముకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. అక్షరాలా చదువుతాం అనేవాళ్లు కూడా పోలికని పోలికగానే తీసుకుంటారు. వాళ్ల అసలు పట్టు రెండు విషయాల మీద. బైబిల్లో ఏ విషయంలోనూ, చరిత్రలో, సైన్సులో కూడా, పొరపాటు లేదనేది మొదటిది. కథలా కనిపించేదంతా జరిగిన సంఘటనే అనేది రెండోది. 1978లో అమెరికా ఇవాంజెలికల్ నాయకులు షికాగోలో కూర్చుని దీని మీద ఒక ప్రకటన రాశారు. అందులో ఉజ్జాయింపు లెక్కలు, అతిశయోక్తులు పొరపాటు కిందకి రావని ఒప్పుకున్నారు, పొరపాటు లేదన్నది మూలప్రతులకేనని కూడా రాశారు. ఆ మూలప్రతులు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు, మనకున్నవన్నీ నకళ్లే.

## పుస్తకం తెరిచాక

ఆరు రోజుల్లో సృష్టి అని స్పష్టంగా రాసి ఉంది కదా, ఇంక డౌటేంటి?

డౌటు పుస్తకంలోంచే వస్తుంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో ఆరు దినాలు, ప్రతి దినానికీ అస్తమయం, ఉదయం. సూర్యుణ్ణి చేసింది మాత్రం నాలుగో దినాన. రెండో అధ్యాయం నాలుగో వచనానికి వచ్చేసరికి భూమిని ఆకాశాన్ని చేసిన "దినమందు" అని ఉంటుంది, అంటే ఆ మొత్తం పనికీ అదే దినము అనే మాట. హీబ్రూలోనూ రెండు చోట్లా "యోమ్" అనే పదమే. వరస కూడా మారుతుంది: మొదటి అధ్యాయంలో జంతువులు ముందు, మనుషులు తర్వాత, రెండో అధ్యాయంలో మనిషిని చేశాక అతనికి సాటి కోసం జంతువుల్ని చేస్తాడు. రెండూ కలిపి సర్దేవాళ్లున్నారు, "అప్పటికే చేసి ఉన్న జంతువులు" అని చదువుకోమంటారు. చదువుకోవచ్చు, కానీ అది మనం కలిపిన మాట, అక్కడ ఉన్న మాట కాదు.

భూమి వయసు ఆరువేల ఏళ్లని బైబిల్లో ఎక్కడుంది?

ఏ వచనంలోనూ లేదు. ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో లెక్క కట్టాడు. ఎవరికి ఎన్నో ఏట ఎవరు పుట్టారనే వంశావళుల్ని కూడి, వాటిని బాబిలోను రాజుల చరిత్రతో జతచేసి, సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరు 23న మొదలైందన్నాడు. ఆయన్ని చూసి నవ్వకండి, ఆ కాలానికి అది గట్టి పాండిత్యం, కెప్లర్, న్యూటన్ లాంటివాళ్లూ ఇలాంటి లెక్కలు వేశారు. తమాషా ఆ తర్వాత జరిగింది. 1701 నుంచి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిళ్ల మార్జిన్లో ఆ తేదీలు అచ్చువేయడం మొదలుపెట్టారు. మా తాతయ్య దగ్గర అలాంటి పాత బైబిలు ఒకటుండేది. మొదటి పేజీ పక్కన చిన్న అక్షరాల్లో 4004, నా చిన్నప్పుడు అదీ వాక్యంలో భాగమే అనుకున్నాను. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని ఉల్కల్లోని సీసాన్ని కొలిచి క్లెయిర్ ప్యాటర్సన్ తేల్చింది 1956లో.

తెలుగు బైబిలు చదివేవాళ్లకి "అక్షరాలా" అనేది కుదిరే పనేనా?

ఏ అక్షరాలు అనేదే ప్రశ్న. నోవహు ఓడ పొడవు మూడు వందల మూరలు అని తెలుగులో ఉంది. మూర అంటే మనకి వెంటనే పూలకొట్టు గుర్తొస్తుంది. ఒంగోలు మార్కెట్లో మల్లెపూలు కొలిచే ఆవిడ మూర ఒకటి, పక్క బుట్ట దగ్గర పొట్టి చేతుల ఆవిడ మూర ఒకటి, మా ఆవిడ ఎప్పుడూ పొడుగు చేతులావిడ దగ్గరే కొంటుంది. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచే హీబ్రూ కొలతకి మనవాళ్లు సరిగ్గానే మూర అని పెట్టారు, కానీ ఎవరి మూర? ఇంకోటి, యోబు గ్రంథంలో "గురుపోతు" అని వస్తుంది, హీబ్రూలో అది "రెయేమ్" అనే అడవి జంతువు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో అదే జంతువు ఒంటికొమ్ము గుర్రం, యూనికార్న్. ఇవాళ పండితులు ఎక్కువగా అడవి ఎద్దు అంటారు. ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగినవాళ్లకి ఆ ఎద్దే బాగా అర్థమవుతుంది. నేను చెప్పొచ్చేది, మనం చదివే ప్రతి మాట వెనక ఒక అనువాదకుడు కూర్చుని ఎంచుకున్నాడు.

ఆవగింజ విషయంలో అంత గొడవెందుకు?

మత్తయి సువార్తలో ఆవగింజని "విత్తనములన్నిటిలో చిన్నదే గాని" అని చెప్పి, అది పెరిగి పక్షులు వాలేంత చెట్టవుతుందంటాడు యేసు. చిన్నప్పుడు నేను మా నాయనమ్మ పోపుల డబ్బా తెచ్చి, పక్కన గసగసాలు పోసి, "గసగసాలే చిన్నవి కదా, మరి యేసుప్రభువుకి తెలీదా?" అని అడిగాను. ఆవిడ కూరలోకి పొయ్యి మీద కొబ్బరి వేయిస్తోంది. తల కూడా తిప్పకుండా, "ఆయన రాజ్యం సంగతి చెబుతుంటే నువ్వు గింజలు లెక్కపెడుతున్నావు" అంది. నాలుగో తరగతి చదివిన మనిషి. పాలస్తీనాలో రైతు విత్తే గింజల్లో చిన్నదని అర్థం అని వ్యాఖ్యానాలు రాసేవాళ్లు పేజీలు పేజీలు రాశారు, అది సరైన జవాబే కావొచ్చు, కానీ ఆ పేజీలన్నీ గింజని కాపాడటానికి రాసినవి.

పూర్వం అందరూ అక్షరాలా నమ్మేవాళ్లు, ఇప్పుడే కదా సైన్సుకి భయపడి అర్థాలు మార్చేశారు?

ఇది చాలామంది చదువుకున్నవాళ్లు కూడా నిజమనుకునే పొరపాటు. నా పదకొండో ఏట సండే స్కూల్లో "సూర్యుడు లేకుండా మొదటి మూడు రోజులూ సాయంత్రం ఎట్లా అయింది?" అని అడిగితే టీచరు గారు నన్ను బయట వేపచెట్టు కింద నిలబెట్టారు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, మూడో శతాబ్దంలో ఒరిగెన్ అనే అలెగ్జాండ్రియా క్రైస్తవ పండితుడు అచ్చం ఇదే అడిగాడని. సూర్యచంద్రులు లేకుండా మూడు దినాలు గడిచాయని బుద్ధి ఉన్నవాడెవడు అనుకుంటాడన్నాడు. అయిదో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ ఆదికాండం మీద పెద్ద గ్రంథం రాస్తూ క్రైస్తవులకి ఒక హెచ్చరిక చేశాడు: భూమి, ఆకాశం, నక్షత్రాల గురించి తెలిసిన అన్యుల ముందు మీరు బైబిలు పేరు చెప్పి తెలివితక్కువ మాటలు మాట్లాడితే, పునరుత్థానం గురించి మీరు చెప్పేది వాళ్లు ఎందుకు నమ్ముతారని. అప్పటికి డార్విన్ పుట్టడానికి ఇంకా పద్నాలుగు వందల ఏళ్లు ఉంది. మధ్యయుగాల్లో ఒకే వచనానికి నాలుగు అర్థాలు చూడటం మామూలు: జరిగిన విషయం, దాని వెనక సంకేతం, నడవడికకి పాఠం, రాబోయే లోకం. ప్రతి వాక్యాన్నీ లేబొరేటరీ రికార్డులా చదవాలనేది సైన్సు పెరిగాక సైన్సు దగ్గర్నుంచి అరువు తెచ్చుకున్న పద్ధతి. నిజమంటే కొలిచి చూపించగలిగేదే అని అక్షరవాదులూ సైన్సు పక్షంవాళ్లూ ఇద్దరూ ఒప్పేసుకున్నారు.

ఒక్క చోట కాదంటే మొత్తం కూలిపోదా?

ఈ భయం నిజమైనది, దీన్ని ఎగతాళి చేయను. కానీ ఒకసారి ఇప్పటికే వదులుకున్నాం, ఏమీ కూలలేదు. యెహోషువ పదో అధ్యాయంలో సూర్యుడు నిలిచిపోయాడని ఉంది, అంటే తిరిగేది సూర్యుడే. ఆ వచనం చూపించే కదా గెలీలియోని ఇరుకున పెట్టింది, 1633లో రోములో విచారణ చేసి ఇంట్లో బంధించింది. ఇవాళ ఎంత గట్టి అక్షరవాదిని అడిగినా, "మనం కూడా సూర్యోదయం అంటాం కదా, కంటికి కనిపించినట్టు రాశారు" అంటాడు. బాగుంది. ఆ ఒక్క చోట వాడిన తాళంచెవి పక్క తలుపుకి ఎందుకు పనికిరాదో మాత్రం చెప్పడు.

మరి అక్షరాలా నమ్మేవాళ్లు అన్నీ పాటిస్తున్నారా?

రోమా పత్రికలో "పవిత్రమైన ముద్దుపెట్టుకొని" వందనాలు చేసుకోమని పౌలు రాశాడు. మా సంఘంలో ఆరాధన అయ్యాక మగవాళ్లు చెయ్యి కలుపుతారు, ఆడవాళ్లు చేతులు జోడించి "వందనాలండీ" అంటారు, అంతే. ముద్దు ఆ కాలం ఆచారం అని సర్దుకున్నాం. స్త్రీలు తల మీద ముసుగేసుకోవాలన్నది మాత్రం ఆచారం కాదు, ఆజ్ఞ, చెంగు జారితే వెనక నుంచి పెద్దావిడ గిల్లుతుంది. బంగారం వద్దన్న మాటని కొన్ని పెంతెకొస్తు సంఘాలు గట్టిగా పట్టుకుంటాయి, మా బాప్టిస్టు పెళ్లిళ్లలో మెడలు కనిపించవు. నిజంగా చివరిదాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. మార్కు చివరి అధ్యాయంలో విశ్వాసులు "పాములను ఎత్తి పట్టుకొందురు" అని ఉందని అమెరికా టెన్నెసీ ప్రాంతంలో 1910 చుట్టుపక్కల జార్జ్ హెన్స్లీ అనే బోధకుడు ఆరాధనలో తాచుల్లాంటి విషపు పాములు పట్టుకోవడం మొదలుపెట్టాడు, 1955లో ఫ్లోరిడాలో పాము కాటుకే చనిపోయాడు. ఇంకా బాధ ఏంటంటే, దొరికిన అతి పాత ప్రతుల్లో రెండింటిలో, సైనాయ్, వాటికన్ ప్రతుల్లో, మార్కు సువార్త ఆ వచనాల దాకా రాకముందే అయిపోతుంది.

## అమెరికాలో ఏం జరిగింది

స్కోప్స్ కేసు అని వింటుంటాం, అందులో ఎవరు గెలిచారు?

చట్టం ప్రకారం మౌలికవాదులు, పేపర్ల ప్రకారం అవతలివాళ్లు. 1925లో టెన్నెసీ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో పరిణామ సిద్ధాంతం చెప్పకూడదని చట్టం చేసింది. డేటన్ అనే చిన్న ఊళ్లో కొందరు పెద్దమనుషులు మందుల షాపులో కూర్చుని, ఈ కేసు మన ఊళ్లో జరిగితే ఊరికి పేరొస్తుందని మాట్లాడుకుని, జాన్ స్కోప్స్ అనే కుర్ర టీచర్ని ఒప్పించారు. అంటే అంతా ఒక రకంగా ఏర్పాటు చేసుకున్న కేసు. చట్టం తరఫున వాదించింది, మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసిన విలియం జెన్నింగ్స్ బ్రయన్, స్కోప్స్ తరఫున లాయరు క్లారెన్స్ డారో. డారో ఏకంగా బ్రయన్‌నే సాక్షిగా బోనెక్కించి ప్రశ్నలు వేశాడు. ఆ ఎండలో, కోర్టు బయట గడ్డి మీద, వేలమంది ముందు, సృష్టి దినాలు 24 గంటలవి కాకపోవచ్చని బ్రయన్ ఒప్పుకున్నాడు. స్కోప్స్‌కి వంద డాలర్ల జరిమానా పడింది, 1927లో సాంకేతిక కారణంతో కొట్టేశారు. విచారణ అయిన అయిదు రోజులకి బ్రయన్ అదే ఊళ్లో నిద్రలో చనిపోయాడు. ఆ చట్టం మాత్రం 1967 దాకా ఉంది.

అంత పరువు పోయాక మళ్లీ ఎలా పుంజుకుంది?

మౌలికవాదం ఎక్కడికీ పోలేదు, ఊరికే పక్కకి తప్పుకుని సొంత కాలేజీలు, రేడియో కార్యక్రమాలు కట్టుకుంది. 1961లో విట్‌కోమ్, మోరిస్ అనే ఇద్దరు, ఒకరు వేదాంతి, ఒకరు హైడ్రాలిక్ ఇంజినీరు, ప్రపంచంలోని రాతిపొరల్లో చాలావరకు నోవహు జలప్రళయంలోనే ఏర్పడ్డాయని పుస్తకం రాశారు. ఆరువేల ఏళ్ల భూమి అనే మాట అమెరికా సంఘాల్లో ఊపందుకుంది అప్పట్నుంచే. తర్వాతి కథ కోర్టుల్లో. 1968లో పరిణామ సిద్ధాంతం మీద నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1987లో, పరిణామం చెబితే సృష్టివాదం కూడా చెప్పాలన్న లూసియానా చట్టాన్ని కొట్టేసింది. దాంతో పేరు మార్చి "ఇంటెలిజెంట్ డిజైన్" అన్నారు, అంటే జీవుల్ని తెలివైన ఎవరో రూపొందించారనే వాదన. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో అదీ పోయింది. ఎలా పోయిందో చెబితే నా టెన్త్ పిల్లలు పగలబడి నవ్వుతారు: వాళ్ల పాఠ్యపుస్తకం పాత చిత్తుప్రతిలో "క్రియేషనిస్ట్స్" (సృష్టివాదులు) అన్న చోటల్లా "డిజైన్ ప్రొపొనెంట్స్" (డిజైన్ని సమర్థించేవాళ్లు) అని మార్చుకుంటూ పోతూ, ఒక చోట పాత మాట తల, తోక అలాగే ఉండిపోయి మధ్యలో కొత్త మాట ఇరుక్కుంది. అసైన్‌మెంటు కాపీ కొట్టి పక్కవాడి పేరు చెరపడం మర్చిపోయినట్టు.

అక్షరాలా చదివితే నష్టమేంటి? ఎవరి నమ్మకం వాళ్లది కదా?

భూమి వయసు దగ్గర ఆగిపోతే పెద్ద నష్టం లేదు. బానిసత్వం దగ్గర చూడండి. 19వ శతాబ్దం అమెరికా దక్షిణాది పాస్టర్లు వచనాలు చూపించే బానిసల్ని ఉంచుకున్నారు. అబ్రాహాముకి దాసులున్నారు, మోషే ధర్మశాస్త్రంలో దాసుల నియమాలున్నాయి, దాసులు యజమానులకి లోబడాలని పౌలు రాశాడు, వద్దన్న వచనం ఒక్కటి చూపించండి అన్నారు. అక్షరాల లెక్కలో వాళ్లది గట్టి వాదన, ఒప్పుకోవాలి. వద్దన్నవాళ్లు మొత్తం గ్రంథం ఎటు పోతోందో, నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాటకి అర్థమేంటో చెప్పాల్సొచ్చింది, అది విడి వచనం చూపించినంత తేలిక కాదు. బానిసల యజమానులు మిషనరీలు కావొచ్చా అన్న తగువులోనే 1845లో బాప్టిస్టులు చీలిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఏర్పడింది. క్షమాపణ చెప్పింది 1995లో, నూటయాభై ఏళ్లకి.

అమెరికాలో నోవహు ఓడ కట్టారట, చూడదగ్గదేనా?

కెంటకీలో విలియమ్స్‌టౌన్ దగ్గర, 2016లో తెరిచారు, పొడవు 510 అడుగులు. సిన్సినాటిలో ఉండే మా బావ పిల్లల్ని తీసుకెళ్లి అక్కణ్నుంచి వీడియో కాల్ చేశాడు. చెక్కపని నిజంగా అద్భుతం, ఒప్పుకోవాలి. బోనుల్లో డైనోసార్ల బొమ్మలు కూడా ఉన్నాయి. మూర అంటే 20.4 అంగుళాలని వాళ్లు ఎంచుకున్నారు, మామూలు 18 అంగుళాల మూరతో అయితే ఓడ 450 అడుగులే వస్తుంది. ఇన్ని జాతులు పట్టవు కాబట్టి, జాతికి కాదు "రకానికి" ఒక్కో జత ఎక్కిందంటారు: పిల్లి రకం ఒక జత ఎక్కి, దిగాక కొద్ది వందల ఏళ్లలోనే సింహం, పులి, చిరుత, ఇంటి పిల్లిగా మారిపోయాయి. ఇంత స్పీడు పరిణామం డార్విన్ కలలో కూడా అనుకుని ఉండడు.

## మన దగ్గర

మన తెలుగు సంఘాలకి ఈ అమెరికా గొడవతో సంబంధం ఏంటి?

మా ఒంగోలుకైతే నేరుగా ఉంది. నెల్లూరు, ఒంగోలు మిషన్లు అమెరికన్ బాప్టిస్టులవి, బానిసత్వం మీద 1845లో వచ్చిన చీలిక తర్వాత ఉత్తరాదివాళ్ల చేతిలో ఉన్నవి. 1920లో ఫండమెంటలిస్టు అనే మాట పుట్టింది సరిగ్గా ఆ ఉత్తరాది బాప్టిస్టుల మధ్యే. విదేశాలకి పంపే మిషనరీల నమ్మకం సరైనదేనా అని కూడా అప్పుడు పెద్ద గొడవైంది. ఇక్కడ మనవాళ్ల లోకం వేరు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. వాళ్లలో చదువొచ్చినవాళ్లు ఎంతమంది? వాక్యం వాళ్లకి చెవి ద్వారా, పాట ద్వారా, కథ ద్వారా వచ్చింది. తమని మనుషులుగా చూసే దేవుడున్నాడన్నదే వాళ్లు పట్టుకున్న మాట, భూమి వయసు ఎవరూ అడగలేదు. వచనం నంబరు చెప్పి వాదించడం, యూట్యూబులో అమెరికా ప్రసంగాలు తెలుగులోకి దించడం మన తరం సరుకు.

క్రైస్తవుల్నే ఎందుకంటారు? మిగతావాళ్లలో లేదా?

ఉంది. 2019 జనవరిలో జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతే కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని, రావణుడికి 24 రకాల విమానాలున్నాయని అన్నారు. గాంధారి మాంసపిండాన్ని ముక్కలు చేసి నేతి కుండల్లో పెట్టిన కథ నన్నయ్య దగ్గర ఎంత బాగుంటుంది, దాన్ని లేబొరేటరీకి పంపితే గానీ గౌరవం రాదనుకోవడం నాకు ఓడలో డైనోసార్ల లాగే అనిపిస్తుంది. నిజానికి వేదవాక్యాలకి అర్థం ఎలా తీయాలో తేల్చిన మన మీమాంసకుల దగ్గర దీనికి మంచి పనిముట్టు ఉంది. వేదవాక్యాల్లో చెయ్యమని చెప్పేది విధి, పొగడ్తగా చెప్పేది అర్థవాదం అని విడదీశారు. "ఆదిత్యో యూపః", యజ్ఞస్తంభం సూర్యుడు, అని ఉంటే కొయ్య వెళ్లి ఆకాశంలో నిలబడిందని వాళ్లు అనుకోలేదు. ఖురాన్ మూడో సూరా ఏడో ఆయతులోనే స్పష్టమైన వాక్యాలు కొన్ని, పలు అర్థాలకి అవకాశమున్నవి కొన్ని అని ఉంది. "కంటికి కన్ను" అన్న మాటని యూదుల ధర్మవ్యాఖ్యాన గ్రంథం తల్మూదు నష్టపరిహారం డబ్బుగా చదివింది. అన్ని చోట్లా జాగ్రత్తగా చదివిన పాతవాళ్లున్నారు, వాళ్లని దాటుకుని నేరుగా పుస్తకం మీదకి దూకేవాళ్లూ ఉన్నారు.

నాస్తికుల వాదన కరెక్టే అంటారా మరి?

కొందరిది కరెక్టు. కానీ కుందేలు నెమరువేస్తుందని లేవీయకాండంలో ఉంది కాబట్టి మొత్తం పుస్తకం చెత్త అనేవాళ్లు, అదే వచనం కోసం కుందేలు కడుపులో రెండో అరుగుదల వెతికేవాళ్లు, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

## ఇంట్లో

మా తమ్ముడు మారిపోయాడు. పండక్కి రాడు, అమ్మ వండింది ముట్టడు. ఏం మాట్లాడాలి?

వచనానికి వచనం వేసి వాదించకండి, అతను మీకంటే ప్రాక్టీసులో ఉంటాడు, ఓడిపోతారు, గెలిస్తే ఇంకా నష్టం. చాలాసార్లు ఆ కుర్రాడికి అక్కడ దొరికింది సిద్ధాంతం కాదు, ఉద్యోగం లేని ఏడాదిలో రోజూ ఫోన్ చేసి "తిన్నావా బ్రదర్" అని అడిగిన మనుషులు. ఆ ఫోన్ మీరు చేయండి. ఇంకొకటి, "బైబిలు ఇలా అంటోంది" అన్నప్పుడు మెల్లిగా "ఇది నువ్వు చదివావా, ఎవరైనా చెప్పారా?" అని అడగండి. మా పిన్ని కొడుకుని నేనలా అడిగితే కాసేపు ఆలోచించి "మా బ్రదర్ గారు చెప్పారు" అన్నాడు. ఆ సాయంత్రం అంతకు మించి మాట్లాడుకోలేదు, పిన్ని చేసిన గారెలు మాత్రం నాలుగు తిన్నాడు.

ప్రార్థన చాలు, మందులు వద్దంటున్నారు. వాక్యంలో అలా ఉందా?

ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, వాదన తర్వాత. మా దగ్గరి బంధువు ఒకావిడ ఒక స్వస్థత కూటం నుంచి వచ్చి షుగరు మాత్రల డబ్బా బీరువా పైన పెట్టేసింది, "స్వస్థపడ్డానని నమ్మాక మళ్లీ వేసుకుంటే అవిశ్వాసం కదా" అని. కాలి వేలికి పుండు పడ్డాక గానీ ఇంట్లోవాళ్లకి తెలియలేదు, ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలో ఉంది, మందు మానమని లేదు. పౌలు తిమోతికి కడుపు జబ్బు ఉందని ప్రార్థన చాలనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. లూకాని "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. ఆవిడకి ఈ రెండు వచనాలూ పెద్ద అక్షరాల్లో రాసి మాత్రల డబ్బాకి అంటించాం, ఇప్పుడు టైముకి వేసుకుంటోంది. అక్షరాలా చదివేవాళ్ల దగ్గర అక్షరాలే పనికొచ్చిన సందర్భం ఇది.

పరీక్షలో పరిణామ సిద్ధాంతం రాస్తే పాపమా?

కాదు నాన్నా, నాలుగు మార్కులు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి ఆ భాగం తీసేసింది, పిల్లల మీద భారం తగ్గించడానికని చెప్పింది. నేను మాత్రం చెబుతూనే ఉంటాను.

ఇలాంటివి సండే స్కూల్లో అడిగితే తిడతారా?

మా దగ్గర తిట్టం, వేపచెట్టు ఇంకా ఉంది గానీ దాని కింద ఇప్పుడు సైకిళ్లు పెడుతున్నారు. పోయిన నెల జలప్రళయం పాఠం చెబుతుంటే ఏడో తరగతి పిల్లాడు చెయ్యెత్తి, "సార్, చేపల సంగతేంటి? అవి ఓడ ఎక్కక్కర్లేదు కదా, మరి వాటికి శిక్ష పడలేదా?" అన్నాడు. వచ్చే వారం చెబుతానన్నాను. వారం తిరిగేసరికి వాడే కాగితం మీద రాసుకొచ్చాడు, చెరువు చేపలు ఒకవైపు, సముద్రం చేపలు ఒకవైపు, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసిపోతే ఏవి చస్తాయో గీతలు గీసి. వాళ్ల నాన్న కొత్తపట్నంలో పడవ నడుపుతాడు. కొరమీను ఎటు రాయాలో తెలియలేదట, నన్నడిగాడు.